డాల్ఫిన్స్ నోస్ కనబడని పొద్దున

పోయిన జనవరిలో ఒక పొద్దున బట్టలు ఆరేయడానికి మేడెక్కితే డాల్ఫిన్స్ నోస్ లేదు. కొండ లేదు, కొండ మీద లైట్‌హౌస్ లేదు, సముద్రం ఎక్కడ మొదలవుతుందో కూడా తెలీడం లేదు. మాది మహారాణిపేట. మామూలు రోజైతే మా మేడ మీద నుంచి ఆ కొండ చేత్తో తడమొచ్చు అన్నంత దగ్గరగా ఉంటుంది. "మంచు బాగా పడింది" అనుకుని బకెట్ కింద పెట్టాను. పది దాటినా కరగని మంచేమిటి అన్న అనుమానం తర్వాత వచ్చింది. ముక్కు మాత్రం అంతకుముందే చెప్పింది, నేనే వినలేదు. మంచుకి వాసన ఉండదు కదా.

పదిన్నరకి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో లెక్కల మాస్టారు ఒక శాటిలైట్ ఫొటో పెట్టారు. నాసా వాళ్ళ సైట్లో రోజూ దొరికేదే. హిమాలయాల కాళ్ళ దగ్గర మొదలై, బీహార్, బెంగాల్ మీదుగా బంగాళాఖాతంలోకి జారిపోయిన బూడిదరంగు దుప్పటి. దాని అంచు సరిగ్గా మన తీరాన్ని రాసుకుంటూ ఉంది. కింద మాస్టారి వాక్యం: "చూశారుగా. ఇది మనది కాదు." కాసేపట్లో పదిహేడు బొటనవేళ్ళు పడ్డాయి. అందులో నాదీ ఒకటి.

ఆ బొటనవేలు వెనక్కి తీసుకోవడానికే ఈ పోస్టు. పూర్తిగా కాదు, సగం. ఎందుకంటే మాస్టారు చెప్పింది అబద్ధం కాదు. నాకు గుచ్చుకున్నదల్లా, ఆ ఫొటో చూడగానే మాకందరికీ ఒంట్లో భారం దిగినట్టయింది, దగ్గొస్తున్నా సరే హాయిగా ఉంది. పక్కింటి వాళ్ళ చెత్త మన గుమ్మంలో పడితే చీపురు పట్టక్కర్లేదు, అరిస్తే సరిపోతుంది చూడండి, అదీ సంగతి.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. పక్క రాష్ట్రం పొగకి, పక్క దేశం పొగకి లెక్క అడగొచ్చు, అడగాలి కూడా. కానీ అడిగే హక్కు మన నేల మీద మన కొలతలు ఉన్నప్పుడే వస్తుంది. పైనుంచి తీసిన ఫొటో ఒక్కటి పట్టుకుని "మనది కాదు" అంటే దాన్ని సాక్ష్యం అనరు, సాకు అంటారు.

ముందు మాస్టారి పక్షం

న్యాయంగా మాట్లాడుకుందాం. చలికాలంలో గంగా మైదానం మీద పేరుకున్న పొగ, ధూళి వాయవ్యపు గాలులతో బంగాళాఖాతంలోకి దిగడం కొత్త విషయం కాదు. 1999లో వీరభద్రన్ రామనాథన్, పాల్ క్రూట్జెన్ల నాయకత్వంలో ఇండోఎక్స్ అని పెద్ద పరిశోధన జరిగింది. హిందూ మహాసముద్రం మీద, ఊళ్ళూ ఫ్యాక్టరీలూ లేని చోట, గోధుమరంగు పొగపొర ఉందని అప్పుడే ప్రపంచానికి బాగా తెలిసింది. తర్వాత మన ఇస్రో వాళ్ళు 2006లో ఒకసారి, 2008 డిసెంబరు చివరి నుంచి 2009 జనవరి దాకా ఇంకోసారి సాగర్ కన్య ఓడ వేసుకుని బంగాళాఖాతంలో తిరిగి గాలిని కొలిచారు. ఉత్తరం వైపు వెళ్తే ధూళి ఎక్కువ, దక్షిణానికి వస్తుంటే తక్కువ. అంటే దుప్పటి నిజం.

సన్న ధూళి కణాలు వాన పడకపోతే వారం దాకా గాలిలో తేలుతూ ఉండగలవు. గంటకి ఇరవై కిలోమీటర్ల గాలి వీస్తే రోజుకి దగ్గర దగ్గర ఐదు వందల కిలోమీటర్లు. కోల్‌కతా నుంచి మనకి రెండు రోజుల దారి, అదీ టికెట్ లేకుండా. విశాఖ గాలిలోకి ఈ ఉత్తరాది వాటా వస్తుందని చెప్పింది కూడా బయటివాళ్ళు కాదు. మన ఆంధ్రా యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ ఇస్రో వాళ్ళ ఏరోసోల్ (అంటే గాలిలో తేలే ధూళి కణాలు) నెట్‌వర్క్‌లో దశాబ్దాల పాటు కొలతలు తీసింది. బీచ్ రోడ్డు మీద సాయంత్రం నడకకి వెళ్ళే మనలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో మరి.

ఇంతవరకూ మాస్టారిదే పైచేయి.

ఫొటో ఏం చూస్తుంది, ఏం చూడదు

మేడ మీద నుంచి చూస్తే పెళ్ళి షామియానా కనిపిస్తుంది. ఎంత పెద్దదో, ఏ రంగో, ఏ వీధి నుంచి ఏ వీధి దాకా వేశారో అన్నీ తెలుస్తాయి. కింద పంక్తిలో ఎవరు కూర్చున్నారో, ఎవరి ఆకులో ఏం వడ్డించారో తెలీదు. శాటిలైట్ చూసే ధూళి కూడా అలాంటిదే. దాన్ని ఏరోసోల్ ఆప్టికల్ డెప్త్ అంటారు. నేల నుంచి ఆకాశం పైదాకా ఉన్న మొత్తం ధూళి కలిసి వెలుగుకి ఎంత అడ్డుపడుతోంది అనే లెక్క అది. నేను పీల్చేది మాత్రం ఆ నిలువు గొట్టంలో అడుగున ఉన్న ఐదారు అడుగుల గాలిని.

పొగ రెండు మూడు కిలోమీటర్ల ఎత్తున సాగిపోతూ ఊరి మీద నుంచి దాటిపోవచ్చు. ఫొటోలో ఊరు మునిగిపోయినట్టు కనిపిస్తుంది, కింద గాలి బాగానే ఉంటుంది. దీనికి తిరగేసింది కూడా ఉంది. చలికాలం తెల్లవారుజామున గాలి కదలక, నేల పక్కన రెండు మూడు వందల మీటర్లలోనే లారీ పొగ, చెత్త పొగ మూతేసినట్టు ఉండిపోతే కింద ఊపిరాడదు, పైనుంచి చూస్తే మొత్తం మీద పెద్దగా ఏమీ లేనట్టు ఉంటుంది. గాలిలో తేమ ఉంటే కణాలు నీళ్ళు తాగి ఉబ్బుతాయి, అప్పుడు అదే ధూళి ఎక్కువ ధూళిలా కనిపిస్తుంది. సముద్రం పక్కన ఉన్న మనకి తేమ లేని రోజు ఎప్పుడు? మబ్బు పడితే అసలు ఏమీ కనిపించదు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా సగం రోజులు మ్యాపులో ఖాళీ గళ్ళే. ఇక తీరం మీద ఉన్న ఊరికి ఇంకో బాధ, ఒక గడిలో సగం నేల, సగం నీళ్ళు. రెండిటి మెరుపూ వేరు. లెక్క తీసేవాళ్ళకి అక్కడ తల ప్రాణం తోకకి వస్తుంది.

ఎత్తు ఎంతో చెప్పడానికి లేజర్‌తో కొలిచే కాలిప్సో అనే శాటిలైట్ ఒకటి 2006 నుంచి 2023 దాకా తిరిగింది. అది మాత్రం షామియానాని నిలువునా కోసి చూపించేది, కానీ సన్నటి దారం లాంటి ఒక్క గీత మీద మాత్రమే. ఆ గీత మన ఊరి మీద పడాలంటే అదృష్టం ఉండాలి.

మాస్టారికి ఇదంతా చెప్తే ఆయన మేథ్స్ వాళ్ళకి సహజమైన చిరాకుతో "అయితే ఏమీ తెలీదంటావా బాబూ" అన్నారు. తెలుస్తుందండీ. ధూళిని వదిలేసి వాయువుల్ని చూస్తే చాలా తెలుస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్ అనేది ఇంజన్లలో, బాయిలర్లలో పుట్టేది, పగటిపూట కొన్ని గంటలకి మించి బతకదు. అంటే అది ఎక్కడ కనిపిస్తే దాదాపు అక్కడే పుట్టినట్టు. కార్బన్ మోనాక్సైడ్ నెలా రెండు నెలలు బతుకుతుంది, ఖండాలు దాటుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ ఈ రెండిటి మధ్యా. ఎవరు ఎంతదూరం ప్రయాణం చేయగలరో తెలిస్తే, ఎవరు చుట్టాలో ఎవరు ఇంటివాళ్ళో విడదీయొచ్చు.

2017 అక్టోబరులో ఐరోపా వాళ్ళు పంపిన సెంటినెల్-5పీ శాటిలైట్ మీద ట్రోపోమీ అనే పరికరం ఉంది. అది ఒక్కో గడిని ఐదున్నర కిలోమీటర్లు, మూడున్నర కిలోమీటర్ల మేర చూస్తుంది. దాని నైట్రోజన్ డయాక్సైడ్ మ్యాపు ఏడాది సగటు తీసి చూడండి. సింగ్రౌలి, కోర్బా, తాల్చేరు కరెంటు కేంద్రాలు నిప్పుకణికల్లా ఉంటాయి. మన తీరం వెంబడి వస్తే విశాఖ దగ్గర కూడా మచ్చ ఉంటుంది. ఆ మచ్చ బీహార్ నుంచి రాలేదు, రావడానికి దానికి ఆయుష్షు చాలదు.

ఇది చెప్పిన రోజు మాస్టారు గ్రూపులో ఏమీ రాయలేదు. లిఫ్టులో ఎదురైనప్పుడు మాత్రం "ఆయుష్షు చాలదు అన్నది బావుంది" అన్నారు. ఒప్పుకున్నారో ఎత్తిపొడిచారో ఇప్పటికీ తెలీదు.

ఒంటిగంటన్నర

ట్రోపోమీ అయినా, దానికంటే ముందు 2004 నుంచి తిరిగిన ఓమీ అనే పరికరమైనా మన ఊరి మీదకి వచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో. ఆ టైముకి విశాఖలో ఏం జరుగుతూ ఉంటుంది? ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పొద్దున మూతేసిన పొగ పలచబడుతుంది, సముద్రపు గాలి ఊళ్ళోకి వస్తుంది. అంటే మన ఊరు తలదువ్వుకుని, పౌడర్ రాసుకుని ఉన్నప్పుడు ఫొటో తీస్తున్నారన్నమాట. పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య, పిల్లలు స్కూలు బస్సుల కోసం రోడ్డు మీద నిలబడ్డ టైములో ఎలా ఉంటుందో అది ఎప్పుడూ చూడలేదు.

సముద్రపు గాలి అంటే గుర్తొచ్చింది. సముద్రం పక్కన ఊరు కాబట్టి పొగంతా సముద్రంలోకి పోతుందని మనందరికీ ఒక నమ్మకం. చిన్నప్పటి నుంచీ నాదీ అదే. పోతుంది, నిజమే, రాత్రిపూట నేల గాలితో పోతుంది. మధ్యాహ్నం గాలి తిరిగినప్పుడు అందులో కొంత వెనక్కి వస్తుంది. దక్షిణాన యారాడ కొండ, ఉత్తరాన కైలాసగిరి, వెనక సింహాచలం కొండలు, మధ్యలో గిన్నెలో పోసినట్టు మనం. రాత్రి పంపించినదాన్ని మధ్యాహ్నం మనమే తీసుకుంటున్నాం. దీనికి బీహార్ ఏం చేస్తుంది?

ఈ ఒంటిగంటన్నర గొడవ మన ఒక్కరిదే కాదు. పంజాబ్, హర్యానాల్లో వరి కోతలయ్యాక కొయ్యకాళ్ళు తగలబెట్టడాన్ని శాటిలైట్లు మంటల చుక్కలుగా లెక్కపెడతాయి. ఆ చుక్కలు బాగా తగ్గాయని సంబరపడుతున్న రోజుల్లో, 2024లో, నాసాలో పనిచేసే ఒక శాస్త్రవేత్త కొరియా వాళ్ళ వాతావరణ శాటిలైట్ చిత్రాలు చూశారు. అది భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట నిలబడి పది నిమిషాలకోసారి ఫొటో తీస్తుంది. మధ్యాహ్నం శాటిలైట్ దాటిపోయాక మంటలు లేస్తున్నట్టు అందులో కనిపించింది. తెలిసి చేశారో, పని వీలును బట్టి అలా కుదిరిందో పక్కన పెట్టండి. లెక్క తగ్గినట్టు కనిపించడం, పొగ తగ్గడం ఒకటి కాదని మాత్రం తేలింది. లంచ్ బ్రేక్‌లో ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్ళే ఆఫీసులో ఫైళ్ళు ఎప్పుడు కదులుతాయో మనకి తెలీదా ఏం.

సియోల్ వాళ్ళకి ఎదురైన లెక్క

నా ఆలోచన మార్చింది కొరియా కథ. అక్కడ జనానికి కూడా మన మాస్టారి నమ్మకమే ఉండేది, ఇంకా గట్టిగా. పొగంతా చైనాది అని. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు, గాలి అటు నుంచే వీస్తుంది. 2016 మే, జూన్ నెలల్లో నాసా, కొరియా కలిసి కోరస్-ఏక్యూ అని ఒక పెద్ద కొలత పెట్టుకున్నాయి. విమానాలు ఎగిరాయి, ఓడలు తిరిగాయి, నేల మీద పరికరాలు పెట్టారు, శాటిలైట్లు ఎలాగూ ఉన్నాయి. సియోల్ ఒలింపిక్ పార్కు దగ్గర సన్న ధూళి ఎవరిదో విడదీస్తే 52 శాతం సొంత ఇంటిదే అని తేలింది. చైనా వాటా 34 శాతం.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. "మూడోవంతు చైనాదే, చూశారా" అనొచ్చు. "సగానికి పైగా మనదే" అనీ అనొచ్చు. రెండూ నిజమే. పైగా అది ఎండాకాలం మొదట్లో తీసిన లెక్క, చలికాలంలో వాటాలు మారతాయి, ఆ అభ్యంతరం అక్కడివాళ్ళే లేవనెత్తారు. అయినా నాకు నచ్చింది వేరే. ఆ తర్వాత 2019 నవంబరులో కొరియా, చైనా, జపాన్ మూడూ కలిసి ఒక రిపోర్టు బయటపెట్టాయి. కొరియా సన్న ధూళిలో దాదాపు మూడోవంతు తన నుంచి వస్తోందని చైనా కాగితం మీద ఒప్పుకుంది. సగం తనదేనని కొరియా ఒప్పుకుంది. ఇరుగుపొరుగు దేశాలు, అందులోనూ పడని దేశాలు, ఒకే అంకె మీద కూర్చోవడం అంటే మాటలా? "మాది సగం" అని ముందు నోరు తెరవగలిగినవాడికే "మిగతాది మీది" అనే గొంతు వచ్చింది. 2020 ఫిబ్రవరిలో కొరియా జెమ్స్ అనే పరికరాన్ని పైకి పంపింది, ఆసియా మీద పగలంతా గంటగంటకీ గాలిని చూస్తుంది. దాని చూపు పడమటి అంచు మన దేశం మీద కూడా పడుతుంది.

మన దగ్గర కథ వేరు. 2024 నవంబరులో లాహోర్‌లో ఏక్యూఐ, అంటే గాలి ఎంత చెడిందో చెప్పే అంకె, వెయ్యి దాటినప్పుడు అక్కడి పంజాబ్ ముఖ్యమంత్రి మరియం నవాజ్ మన పంజాబ్ ముఖ్యమంత్రికి ఉత్తరం రాస్తానన్నారు. ఇటువాళ్ళు నవ్వారు. గాలి మందగించిన ఆ రోజుల్లో పొగకి వాఘా దగ్గర గేటు లేదు, ఎటు పడితే అటు పాకుతుంది. 1998లో మాల్దీవుల రాజధాని మాలేలో దక్షిణాసియా దేశాలు సరిహద్దులు దాటే కాలుష్యం మీద ఒక ప్రకటన చేశాయి, మనమూ ఉన్నాం. దాన్ని పాటించి తీరాలన్న నిబంధన లేదు. ఐరోపా వాళ్ళ 1979 జెనీవా ఒప్పందంతో పోల్చి ఇది ఎందుకు సాగలేదని చాలామంది అడుగుతారు. అక్కడ ఒప్పందానికి రెండేళ్ళ ముందే అన్ని దేశాల్లో ఒకే పద్ధతిలో కొలిచే కార్యక్రమం మొదలైంది. స్కాండినేవియా చెరువుల్లో ఆమ్లవాన ఎవరి చిమ్నీదో కొలిచారు, ఆ తర్వాత 1985లో సల్ఫర్ 30 శాతం తగ్గించాలని రాసుకున్నారు. ముందు తక్కెడ, ఆ తర్వాతే బేరం.

గీత పనికొస్తుంది, బొమ్మ కాదు

ఇంత తిట్టాక శాటిలైట్ ఎందుకూ పనికిరాదనుకునేరు. ఒకరోజు బొమ్మగా పనికిరాదు. ఇరవై ఏళ్ళ లెక్కలు కలిపి గీసిన గీతగా దాన్ని కొట్టేది లేదు. 2017లో వచ్చిన ఒక పరిశోధన ఓమీ లెక్కలతో ఏం చెప్పిందంటే, 2007 నుంచి చైనా సల్ఫర్ డయాక్సైడ్ 75 శాతం పడిపోయింది, ఇండియాది 50 శాతం పెరిగింది, మనం చైనాని దాటేస్తున్నాం. ఏ ప్రభుత్వమూ ప్రెస్‌మీట్ పెట్టి చెప్పని సంగతి ఇది. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పైనుంచి తెలిసిపోయింది. థర్మల్ కేంద్రాల సల్ఫర్ మీద మన దేశం 2015 డిసెంబరులో పరిమితులు పెట్టింది, గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ వచ్చి 2025 జులైలో చాలా కేంద్రాలకి గంధకం వడకట్టే యంత్రాల నుంచి మినహాయింపే ఇచ్చేసింది. ఆ కాగితాలు ఏం చెప్పినా, రాబోయే పదేళ్ళ గీత పైన గీస్తూనే ఉంటారు. నాకు శాటిలైట్ మీద ఉన్న గౌరవమంతా అక్కడ ఉంది.

గీతకీ జాగ్రత్తలు కావాలి. యంత్రానికీ వయసొస్తుంది. ఓమీకి 2007 తర్వాత చూపులో కొంతభాగం మూసుకుపోయింది, కళ్ళలో శుక్లాలు వచ్చినట్టు. 1999లో వెళ్ళిన టెర్రా అనే శాటిలైట్ ఇంధనం అయిపోవచ్చి కక్ష్య జారి, రోజూ వచ్చే టైము కంటే ముందే వస్తోంది. అలాంటప్పుడు గీత కిందికి దిగితే గాలి బాగుపడిందా, కన్ను మసకబారిందా అని అడగాలి. వానలు బాగా పడ్డ ఏడాదిని పడని ఏడాదితో పోల్చకూడదు. 2020 లాక్‌డౌన్లో ఉత్తరాది మీద ధూళి ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ లేనంత తగ్గినప్పుడు గ్రూపుల్లో "ప్రకృతి నయమైపోయింది" అని తిరిగింది గుర్తుందా? ఆరునెలల్లో అంతా మామూలే.

అదే ఏడాది మే 7న తెల్లవారుజామున మన వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి లీకై పన్నెండు మంది పోయారు. ఏ సరిహద్దూ దాటలేదు. స్టైరిన్‌ని చూసే కన్ను ఆ శాటిలైట్లకి లేదు, ఉన్నా అవి వచ్చేది ఒంటిగంటన్నరకి.

ఎర్ర చుక్కలు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాస్టారి ఫొటో మారుతుంది. అప్పుడు నింద బీహార్ నుంచి ఒడిశాకి బదిలీ అవుతుంది. తూర్పు కనుమల మీద మంటల చుక్కల మ్యాపు, "కొరాపుట్ వాళ్ళు కొండలు తగలబెడుతున్నారు" అని. నేను ఆ మ్యాపు పెద్దది చేసి చూశాను. ఎర్ర చుక్కలు సరిహద్దు గీతకి అటూ ఇటూ ఒకేలా పడ్డాయి. మన అల్లూరి జిల్లాలోనూ ఉన్నాయి. పోడు చేసేవాళ్ళకి ఏ రాష్ట్రమైనా కొండ కొండే. చుక్కకి ఇంకో లోపం ఉంది, మంట ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అది చెప్పదు. పోడు కావచ్చు, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద రాలిన ఆకులకి పెట్టింది కావచ్చు, ఎవరో పారేసిన బీడీ కావచ్చు. ఏడాదంతా కారెక్కి తిరిగే నేను, ఏడాదికి ఒక్కసారి అరెకరం కాల్చుకునేవాణ్ణి చుక్క చూపించి దోషి అనడం నాకు మింగుడు పడలేదు. పోడు పొగ మంచిదని కాదు. ఇప్పుడు నా దగ్గరున్నది చుక్క ఒక్కటే, వాటా లేదు, అంతే.

పిన్ని గ్రిల్లు

మా పిన్ని ఉండేది వన్‌టౌన్‌లో, పోర్టు పక్కన పాత ఊళ్ళో. సంక్రాంతికి వెళ్ళినప్పుడు వరండా ఇనప గ్రిల్లు తడిగుడ్డతో తుడుస్తోంది. గుడ్డ నల్లగా అయింది, పిండితే బకెట్లో నీళ్ళు కాటుక రంగు. "పొద్దున్నే తుడిసేను. మల్లీ వొచ్చీసింది," అంది. ఇది నిన్నటి దుమ్ము కాదు, నాలుగు గంటల దుమ్ము. నేను ఆ నల్లపొడి కొంచెం కాగితం మీదకి దులిపి, ఫ్రిజ్ మీద బొమ్మకి ఉన్న అయస్కాంతం కాగితం కింద పెట్టి కదిపాను. పొడిలో చాలామటుకు కదల్లేదు, బొగ్గో మసో అయి ఉంటుంది. కొన్ని రేణువులు మాత్రం ముళ్ళలా లేచి నిలబడి అయస్కాంతం ఎటు వెళితే అటు నడిచాయి. ఎర్రమట్టి ఛాయ.

"ఏట్రా, దుమ్ముకి కూడా పరీచ్చలా?" అని పిన్ని నవ్వింది.

ఇదేం సైన్సు కాదని నాకూ తెలుసు. ఏ ఊరి రోడ్డు దుమ్ములోనైనా అయస్కాంతానికి అంటుకునే రేణువులు కొన్ని దొరుకుతాయి. ఏ ఖనిజం గుట్ట నుంచి, ఏ లారీ నుంచి రాలిందో నేను చెప్పలేను. కానీ ఒక్కటి చెప్పగలను. కంటికి కనిపించేంత ముతక పొడి వందల కిలోమీటర్లు ఎగరదు, బరువుకి దగ్గర్లోనే కూలబడుతుంది. శాటిలైట్ దుప్పటిలో ఉన్నది సన్న ధూళి, పిన్ని గ్రిల్లు మీద ఉన్నది ముతక ధూళి. మాస్టారి ఫొటో వంద శాతం నిజమైనా పిన్ని గుడ్డ నలుపులో ఒక్క వీసం తగ్గదు. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారు, ఇద్దరిదీ గాలి గొడవే, అయినా రెండూ వేరు వేరు రోగాలు. ఒక మందు రాసిస్తే రెండోది అలాగే ఉంటుంది.

జాతీయ శుద్ధ గాలి కార్యక్రమం 2019 జనవరిలో మొదలైనప్పుడు ప్రమాణాలు అందుకోని ఊళ్ళ జాబితాలో విశాఖ ఉంది. చాలాకాలం పాటు జాతీయ సైట్లో విశాఖ అని వెతికితే గంటగంటకీ లెక్క చెప్పే స్టేషన్ ఒక్కటే కనిపించేది. ఇటు గాజువాక, పరవాడ, అటు పాత ఊరు, మధురవాడ, మధ్యలో ఇన్ని కొండలు, ఒక్క థర్మామీటర్. ఆ ఒక్కటి పెట్టుకుని "బయటి నుంచి ఎంత వచ్చింది" అని లెక్క ఎలా తీస్తాం? బయటి వాటా తెలియాలంటే ఊరికి గాలి వచ్చే వైపు ఒకటి, పోయే వైపు ఒకటి, నడుమ కొన్ని, కనీసం ఇవైనా ఉండాలి. ముందు వైపు దానిలోనే ఎక్కువ ఉందా, అది అతిథి. నడుమ పెరిగిందా, అది మనది. ఇంటికి వచ్చే నీళ్ళ మీటరు లాంటిదే, ఇందులో రాకెట్టు ఏమీ లేదు.

దీనికి నా భార్య అడిగిన ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేదని ఒప్పుకోవాలి. "మీటర్లు పెడితే పొగ తగ్గుతుందా? ఢిల్లీలో వీధికొకటి ఉన్నాయి కదా" అంది. నిజమే. ఢిల్లీకి కొలతల కొరత లేదు. కొలవడం తగ్గించడం కాదు. నేను చెప్పగలిగిందల్లా, ఢిల్లీలో వాదన కనీసం ఏ నెలలో కొయ్యకాళ్ళ వాటా ఎంత, బళ్ళ వాటా ఎంత అన్న చోటికి చేరింది. మనం ఇంకా "మనది కాదు" దగ్గరే ఉన్నాం.

రేపు మీటర్లన్నీ పెట్టి చూస్తే జనవరిలో సగం ఉత్తరాదిదే అని తేలొచ్చు. అప్పుడు నేను మాస్టారి పక్కనే నిలబడి పట్నా దాకా ఉత్తరం రాస్తాను, డ్రాఫ్టు కూడా నేనే రాస్తాను.

ఈలోగా మూడువేలకి చిన్న సెన్సర్ ఒకటి కొన్నాను. బాల్కనీలో గుడ్డలారేసే తీగకి కట్టాను. దాన్ని నేను పూర్తిగా నమ్మను, తేమకి ఇలాంటివి ఎక్కువ చూపిస్తాయి, మన ఊళ్ళో పొద్దున తేమ సంగతి చెప్పక్కర్లేదు. అయినా నెల్లాళ్ళు రాసుకున్నాను. పొద్దున ఏడుకి ఉన్న అంకెలో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి చాలా రోజులు సగం కూడా లేదు. ఆ నోటుబుక్కు ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. ఈసారి బొటనవేళ్ళు నాలుగు.

రాత్రి భోజనాలయ్యాక మాస్టారు తలుపు కొట్టారు. నోటుబుక్కు కావాలన్నారు, అంకెలు ఆయనే ఒకసారి కూడుకుంటారట. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ డబ్బా ఒక పదిరోజులు ఇస్తావా బాబూ? జ్ఞానాపురంలో మా చెల్లెలు ఉంటుంది, దాని మనవడికి ఎప్పుడూ ఆయాసమే. అక్కడ కట్టి చూస్తాను," అన్నారు. క్యారీబ్యాగులో చుట్టి ఇచ్చాను. స్కూటర్ ముందు కొక్కేనికి తగిలించుకుని వెళ్ళారు.

పదిరోజులు దాటి మూడు వారాలైంది. డబ్బా ఇంకా తిరిగి రాలేదు, మాస్టారు గ్రూపులో ఫొటోలు పెట్టడం మాత్రం మానేశారు.